మగ్గం ఉన్న హాలు

మీట నొక్కి టీ తాగేలోపు నాలుగు కొత్త ఇళ్ళు తయారవుతాయి. తిరువళ్ళూరు బజారు వీధిలో మురళీధరన్ పెట్టుకున్న ఇంటీరియర్స్ షాపులో సెల్వి చేసే ఉద్యోగం అదే. వచ్చినవాళ్ళ హాలు ఫోటోనో వంటగది ఫోటోనో కంప్యూటర్లో ఏఐకి ఇవ్వాలి, ఏం కావాలో రాయాలి, అది గీసి ఇచ్చిన బొమ్మల్లో కాస్త పనికొచ్చేది ఏరి చూపించాలి. పార్టీ సరేనంటే ఆ బొమ్మ మీద ఫైనల్ అని రాసి పనివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడేయాలి. అక్కడితో ఆమె పని సరి. తాపీ మేస్త్రీ వేల్‌మురుగన్‌కి, వడ్రంగికి, కరెంటు మనిషికి అందరికీ ఆ బొమ్మే శాసనం. వేల్‌మురుగన్ అయితే మరీనూ. "ఫోటోల ఇరుక్కిరదు దాన్ మా" అంటాడు అరవంలో. ఫోటోలో ఉన్నదే చేస్తాడు, లేనిది బతిమాలినా చెయ్యడు.

ఆ సోమవారం షాపులో ఊపిరాడని రద్దీ. ఆ రద్దీలో అన్న శరవణన్ దగ్గరినుంచి ఒక ఫోటో వచ్చింది. కే.జీ.కండిగైలో తమ ఇంటి ముందుగదే. "పై శుక్రవారం పెళ్ళికూతురోళ్ళు ఇల్లు చూసేదానికి వస్తారు మే. ముందుగది కొంచెం బాగా కనపడేట్టు డిజైన్ వెయ్యి" అని వెనకే ఒక వాయిస్ మెసేజి.

ముందుగది అని పేరే గానీ సగానికి పైగా మగ్గానిదే. నేలలో తొడలోతు గుంట. గుంట అంచున ఒక పలక. అమ్మ తిరుమలమ్మ ఆ పలక మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, అడుగున ఉన్న తొక్కుడు చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ చీరలు నేస్తుంది. మిగతా సగంలో ఇంటిల్లిపాదీ తినడం, పడుకోవడం, పోట్లాడుకోవడం.

ఎదురుగా ఇద్దరు పార్టీలు కూర్చుని కాళ్ళూపుతున్నారు. సెల్వి అన్న ఫోటోను అట్లాగే ఏఐలో వేసి, 'అందమైన కొత్తరకం హాలు' అని ఇంగ్లీషులో కొట్టింది. అందమైన అని రాస్తే ఏఐకి ఏమీ తెలియదని, రంగు, కొయ్య, వెలుతురు వచ్చే దిక్కు విడివిడిగా రాయాలని పదిమందికి చెప్పే మనిషే. సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి తొందర.

బొమ్మ వచ్చింది. తలుపు ఉంది, కిటికీ ఉంది, మగ్గం లేదు. మగ్గం చోట బూడిదరంగు సోఫా, గాజు టీపాయి, కుండీలో ఏదో మొక్క. సెల్వికి నవ్వొచ్చింది. 'చూడన్నా, మన మగ్గాన్ని మింగేసింది' అని పకపకా నవ్వే బొమ్మలు రెండు జతచేసి అన్నకు పంపించి, పార్టీల వైపు తిరిగింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచేటప్పుడు చూసుకుంది, అన్న జవాబు. అందులో నవ్వు లేదు.

'సూపర్ మే. మన ఇల్లు ఇంత పెద్దదా! దీన్నే చేసేద్దాం.'

---

సెల్వి సాయంత్రం తిరుత్తణిలో రైలు దిగి, బస్సు పట్టుకుని, ఇంటికి చేరేసరికి శరవణన్ ఆ బొమ్మను నాయనకు చూపిస్తున్నాడు. నటరాజు పవర్‌లూమ్ షెడ్డులో పనిచేస్తాడు. ఆ మోతకి చెవులు సగం పోయాయి, మిగిలిన సగంతో ఇంట్లోవాళ్ళ మాటలు వినే ఓపిక ఆయనకి లేదు. ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "నీ ఇష్టం రా" అన్నాడు. ఆ ఇంట్లో ఏ తీర్మానమైనా ఆ మాటతోనే జరుగుతుంది.

తిరుమలమ్మ మగ్గం మీదనుంచే చెయ్యి చాచింది. "ఏందిరా అది, నాకూ చూపీ."

శరవణన్ ఇచ్చాడు. ఆమె తన ఇంటిని గుర్తుపట్టింది. కిటికీ కమ్మీ ఒకటి వంకర, అది చూసి గుర్తుపట్టింది. తర్వాత బొమ్మలో ఇటూ అటూ వేలు పెట్టి వెతికింది.

"నా మగ్గం యాడ?"

"ఇంకెందుకుమా మగ్గం? నువ్వు నేసింది చాలు. నా జీతం వస్తాండాది గదా. పెళ్ళైనంక ఇంటికి నలుగురు వస్తారు, పోతారు. హాలు ఉండొద్దా?"

ఆమె ఫోన్ తిరిగి ఇచ్చేముందు అద్దం మీద పడిన తన వేలి ముద్రల్ని కొంగుతో తుడిచింది. "బాగుండాది" అంది. నాడె మళ్ళీ పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తింది.

సెల్వికి ఒళ్ళు మండిపోయింది. అన్న మీద, నాయన మీద, అన్నిటికంటే ఎక్కువగా తన మీద. వీళ్ళ బుర్రలో లేని ఆలోచనను తనే బొమ్మ గీయించి చేతిలో పెట్టింది. ఇల్లు అమ్మది, మగ్గం అమ్మది, అడగడం మాత్రం అమ్మను తప్ప అందరినీ.

వంటింట్లో తిరుమలమ్మ చారు పోపు వేస్తూ వెనక్కి తిరక్కుండానే అంది. "ఇప్పుడు ఎక్కించిన పడుగు అయిపోయేదాకా ఉంచుతాడేమో అడుగు మే."

"మగ్గం యాడికీ పోదుమా."

"పోతే పోనీ. ఇల్లు వాడిది గూడా." పోపు చిటపటలు తగ్గాక ఇంకో మాట అంది. "పొద్దున లేస్తే నేను యాడ కూర్చోవాల? అదొక్కటే తెలియకుండా ఉండాది నాకు."

సెల్వి ఆ క్షణమే ముందుగదిలోకి వెళ్ళింది. గొంతు పెంచింది. మగ్గం తీస్తే తను ఊరుకోనంది. శరవణన్ చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టి కూర్చోబెట్టొచ్చు. వాడు ఓపిగ్గా అంతా విన్నాడు.

"సరి మే. మగ్గం పెట్టే ఇంత అందంగా చేసి చూపీ. శనివారంలోపల చూపిస్తే ఒప్పుకుంటా. సోమవారం మీ షాపు మేస్త్రీ వచ్చి పని మొదలుపెడతాడు. దాని తర్వాత నన్నేమీ అడగొద్దు."

---

మర్నాడు పొద్దున్నే ఆరవేసిన బట్టలు తీసేసి, బిందెలు పక్కకు జరిపి, తలుపు, కిటికీ బార్లా తెరిచి, లైటు వేసి సెల్వి ఫోటో తీసింది. మూలకు ఆనుకుని నిలబడి, ఫోన్ ఛాతీ ఎత్తున నిటారుగా పట్టుకుని తీసింది. గోడలు వాలిపోయినట్టు పడితే ఏఐ గదిని తన ఇష్టం వచ్చినట్టు సాగదీస్తుంది. తిరుమలమ్మ ఫోటోలో పడకుండా మగ్గం దిగి వంటింట్లోకి పోతే, "నువ్వు పనిచేసుకోమా, నీ పాటికి నువ్వు" అంది.

ఇక షాపులో మొదలైంది తంటా. మొదటి బొమ్మలో మగ్గం దోమతెర కట్టిన పందిరిమంచం అయింది. రెండోదాంట్లో పియానో అయింది. పియానో ముందు స్టూలు కూడా వేసింది, మర్యాద తెలిసిన యంత్రం! చేత్తో నేసే మగ్గం అని, కొయ్య స్తంభాలని, ఎర్ర చీర సగం నేసి ఉందని వివరంగా రాస్తే, దొరల ఇళ్ళలో ఉండే ఎత్తు మగ్గం గీసి దానికి మెత్తటి దిండున్న బెంచీ వేసింది. ఆ బెంచీ మీద ఒక తెల్లావిడ నవ్వుతూ కూర్చుంది.

గుంట సంగతి ఇంకా ఘోరం. నేలలో గుంట అని రాస్తే చేపల తొట్టి కట్టింది. నేసే మనిషి కాళ్ళు పెట్టుకునే గుంట అంటే ఈతకొలను తవ్వి అంచున తువాలు పెట్టింది. నీళ్ళు వద్దు అని రాస్తే నీళ్ళు ఇంకా పెరిగాయి. ఏదైతే వద్దంటామో ఆ మాట చెవిన పడితే చాలు, దాన్నే నెత్తిన పెట్టుకుని వస్తుంది. ఒక్కసారి మాత్రం నీళ్ళు లేని గుంట వచ్చింది. నున్నగా, నలుచదరంగా, పక్కన మట్టి పోసి. సెల్వి దానివైపు చూడలేక గబుక్కున చెరిపేసింది.

పక్క సీటు ఏంజెలిన్ ఆవడి నుంచి వస్తుంది. వాళ్ళింట్లోనూ తెలుగే. సెల్వి మొహం చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అన్నీ ఒకేసారి అడుగుతాండావు నువ్వు. అది గాబరా పడతాది. కదిలించగూడనిది ఏందో ముందు రాయి. కావాల్సింది తర్వాత రాయి. ఒక తూరికి ఒకటే మార్చు. ముందు గోడ. అది కుదిరితే నేల."

"మగ్గం అంటే ఏందో దానికి తెలియదు గదా ఏంజెలిన్!"

"తెలియకపోతే చెప్పొద్దు. ఫోటోలో మగ్గం చుట్టూ గీత గీసి అడ్డం కట్టెయ్. దాన్ని ముట్టుకోకుండా మిగతాది చెయ్యమను."

ఆ మాట బాగానే తోచింది. కానీ స్తంభాల మధ్య సందులు, దారాలు, వేలాడే తాళ్ళు, వాటిమధ్య నుంచి కనపడే గోడ, వీటన్నిటి చుట్టూ మౌసుతో గీత గీయడం బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. కాస్త తప్పితే ఆ సందులోనుంచి ఒక పూలకుండీ మొలుస్తుంది. మురళీధరన్ రెండుసార్లు వెనక వచ్చి నిలబడ్డాడు. "మా, సొంత పని ఇంట్లో చూసుకో, పార్టీ వెయిటింగ్" అని గొణిగి వెళ్ళాడు. సెల్వి భోజనం మానేసి ఆ గంటలో గీసుకుంది.

ఇంటి దగ్గర తిరుమలమ్మ తెల్లవారకముందే మగ్గం మీద ఉంటోంది. కూతురు బస్సుకు బయలుదేరేటప్పుడు నేస్తూ, తిరిగొచ్చేటప్పుడూ నేస్తూ. పడుగు అయిపోయేలోపు మనసారా నేసుకోవాలన్నట్టు. శుక్రవారం సాయంత్రం రైల్లో సెల్వి, చేతికి అందిన కమ్మీ పట్టుకుని, చుట్టూ జనం చూస్తుండగానే ఏడ్చేసింది. నీకు చేతకాదు, ఇంతే నీ చదువు, ఇంతే నీ ఉద్యోగం అని తనను తానే తిట్టుకుంది. పక్కనున్న పూలమ్మే ఆవిడ ఏమీ అడక్కుండా కొంచెం జరిగి కూర్చునే చోటు ఇచ్చింది.

శనివారం అది కుదిరింది. ఎట్లా కుదిరిందో చెప్పమంటే సెల్వి కూడా చెప్పలేకపోయేది. మగ్గం చుట్టూ గీత ఎక్కడా తెగకుండా పడింది. ఏఐ ఎంత మార్చాలో చెప్పే మీటను బాగా తగ్గించి పెట్టింది. ముందు గోడకు గంధం రంగు అడిగింది. వచ్చింది. తర్వాత వెనక గోడకు టేకు పలకలు. వచ్చాయి. మగ్గం పైన పసుపుపచ్చ దీపాలు. వచ్చాయి. చివరికి నేల. గుంట అనే మాట రాయడానికి ఇప్పుడామెకు భయం. రాస్తే మళ్ళీ చెరువు తవ్వుతుంది, అయిందంతా పాడవుతుంది. లేత రంగు టైల్స్ అని మాత్రం రాసి మీట నొక్కి, కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిస్తే అమ్మ మగ్గం. నిజమైన మగ్గం. ఆ ఎర్ర చీర, ఆ వంకర స్తంభం, అంతా అదే. పైనుంచి దీపాల వెలుగు పడి, పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినట్టు ఉంది. ఏంజెలిన్ చప్పట్లు కొట్టింది. మురళీధరన్ కూడా వచ్చి చూసి, "అబ్బా" అన్నాడు, ఇంగ్లీషులో ఇంకేదో అన్నాడు.

టైల్స్ గీతలు మగ్గం కిందనుంచి కూడా తిన్నగా సాగిపోయాయి. గుంట లేదు. సెల్వి అది చూసింది. చూడలేదంటే అబద్ధం. బొమ్మే గదా అనుకుంది. మగ్గం ఉంటుందంటే గుంట ఉంటుందనే గదా. గుంట లేని మగ్గం ఎవరింట్లో ఉంది? నేతవాళ్ళకి అది వేరే చెప్పాలా?

సాయంత్రం శరవణన్ బొమ్మను దగ్గరికి పెట్టుకుని చూశాడు. "ఇది మనిల్లేనా మే?" అన్నాడు. "మగ్గం ఉంటేనే బాగుండాది. వాళ్ళు వస్తే దీన్నే చూస్తారు. సరి, ఇదే ఫైనల్."

గుంట మాట సెల్వి నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడే ఒప్పుకున్నాడు. ఇంకో షరతు పెడితే ఉన్నది కూడా పోతుందేమో. ఆమె నోరు మూసుకుని, బొమ్మ మీద ఫైనల్ అని రాసి గ్రూపులో పెట్టింది. ఆ రాత్రి కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది.

---

సోమవారం మురళీధరన్ ఆమెను ఆవడిలో పెద్ద ఫ్లాట్ల పని మీద వేశాడు. కొలతలు తీయాలి, ఫోటోలు తీయాలి, అక్కడే పార్టీలతో కూర్చుని బొమ్మలు ఒప్పించాలి. గురువారందాకా ఏంజెలిన్ ఇంట్లో ఉండమన్నాడు. సెల్వి మధ్యలో వేల్‌మురుగన్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. పనిలో ఉన్నప్పుడు ఆయన ఎవరి ఫోనూ ఎత్తడు. అమ్మకు చేసింది.

"ఎట్లుందిమా పని?"

"జరుగుతా ఉండాది. దుమ్ము మే, ఒకటే దుమ్ము. నువ్వు తిన్నావా?"

"మగ్గం బాగుండాదా?"

"ఉండాది." కొంచెం ఆగి అంది. "యాడిది ఆడనే ఉండాది."

గురువారం మధ్యాహ్నానికే పని తెమిలింది. సెల్వి తిరుత్తణిలో దిగి అరకిలో మైసూర్‌పాక్ కొనుక్కుని బస్సెక్కింది. ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచి, కాలు లోపల పెట్టగానే చల్లటి టైల్స్. గంధం రంగు గోడ. టేకు పలకలు. శరవణన్ నిచ్చెన మీద నిలబడి దీపాలు వేసి చూపించాడు. పట్టపగలు కూడా మగ్గం మీద పసుపుపచ్చ వెలుగు పడింది. స్తంభాలకు వార్నిష్ పూసి ఉంది. బొమ్మకూ గదికీ వెంట్రుకవాసి తేడా లేదు.

తిరుమలమ్మ పలక మీద కూర్చుని ఉంది. కాళ్ళు కిందికి దించలేదు. దించడానికి చోటు లేదు. మోకాళ్ళు రెండూ గడ్డం దాకా ముడుచుకుని, పాదాలు టైల్స్ మీద ఆనించి, చీర అంచును చేత్తో సర్దుతోంది. తొక్కుడు చెక్కలు రెండూ కట్టగట్టి గోడవారన ఆనించి ఉన్నాయి.

సెల్వి చేతిలో సంచి కింద పెట్టింది.

"గుంట..."

"పూడ్చేసినాం" అన్నాడు శరవణన్ హుషారుగా. "మేస్త్రీ బొమ్మ చూసి అడిగినాడు, పూడ్చేయాలి గదాని. రెండు బండ్ల మట్టి పట్టింది మే! నాకైతే నువ్వు చేసింది భలే నచ్చింది. మగ్గం షోకి ఉంటాది, అమ్మకు రెస్టు. ఇద్దరి మాటా నిలబెట్టినావు."

"నేను పూడ్చమని యాడ చెప్పినా?"

"బొమ్మలో తీసేసింది నువ్వే గదా?" శరవణన్ నిజంగానే తెల్లబోయాడు. "నువ్వూ ఒప్పుకున్నావనుకున్నా."

సెల్వి తల్లివైపు తిరిగింది. అరుపు లాంటిది వచ్చింది. "నువ్వు చూస్తా ఊరుకున్నావా మా? మట్టి పోస్తా ఉంటే అడగలేదా?"

తిరుమలమ్మ కూతురి మొహంలోకి చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వు గీసినావన్నారు గదా మే. సెల్వి గీసిందంటే ఏదో దారి పెట్టే ఉంటాది, వస్తే చెప్తాది అనుకున్నా. రెండు రోజులుగా కూర్చుని చూస్తాండా. కాళ్ళు యాడ పెట్టాల్నో తెలియలే."

పోయిన వారమంతా ఆ యంత్రానికి అర్థమయ్యేట్టు చెప్పడానికి ఎన్ని మాటలు వెతికింది! అన్నకు చెప్పాల్సింది ఒక్క మాట. అది మింగేసింది. భయపడి మింగేసింది. అమ్మ మట్టుకు తనను నమ్మి, ఆ మట్టి బండ్లు వచ్చి పడుతుంటే పక్కన నిలబడి చూసింది.

పెరట్లో మేస్త్రీ వదిలిపోయిన గడ్డపార ఉంది. సెల్వి వెళ్ళి పట్టుకొచ్చింది. బరువుకు నడక తూలింది. శరవణన్ నిచ్చెన మీదనుంచి ఒక్క దూకు దూకి గడ్డపారను మధ్యలో పట్టుకున్నాడు.

"పిచ్చి పట్టిందా నీకు? రేపు వాళ్ళు వస్తారు! పొద్దున్నే వస్తారు!"

"రానీ. మట్టి చూసి పోనీ."

"నాయన వస్తే ఏమంటాడు?"

"నీ ఇష్టం అంటాడు! ఇంకేమంటాడు? ఒదులన్నా!"

అన్న అటు, చెల్లెలు ఇటు. చిన్నప్పుడు ఒకే తువాలు కోసం లాక్కున్నట్టు లాక్కుంటున్నారు. శరవణన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్కరోజు మే. ఒక్కరోజు ఉండనీ. నా పెళ్ళి గదా. తర్వాత చూద్దాం" అన్నాడు. తర్వాత అంటే ఎప్పటికీ కాదని అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆ మాటకు సెల్వి చేతులు సడలాయి. అన్న మొహం చూస్తే జాలేసింది. ఏ బొమ్మా గీయని, ఏ అబద్ధమూ ఆడని మనిషి, ఇంటిని అందంగా చూసుకోవాలనుకున్నాడు, అంతే. ఆమె గడ్డపార మీద తల ఆనించి, చేతకాక, వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఉండండి" అంది తిరుమలమ్మ.

ఆమె పలక మీదనుంచి మోకాళ్ళు పట్టుకుని లేచింది. లోపలికి వెళ్ళింది. పెట్టె తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. పాత నూలుచీర ఒకటి తెచ్చి, మడతలు విప్పి, మగ్గం మీద పడుగు పొడుగునా పరిచింది. దారాల మీద ఎక్కడా ముడత పడకుండా అరచేత్తో సర్దింది. నాలుగు కొసలూ నాలుగు స్తంభాలకు బిగించి కట్టింది. ఒక కొస వదులైతే విప్పి మళ్ళీ కట్టింది. సగం నేసిన ఎర్ర చీర కనపడకుండా పోయింది.

పిల్లలిద్దరూ గడ్డపార పట్టుకునే చూస్తున్నారు.

"దుమ్ము పడితే నూలు పాడైపోతాది" అంది.

తర్వాత శరవణన్ దగ్గరికి వచ్చింది. వాడి వేళ్ళను ఒక్కొక్కటిగా గడ్డపార మీదనుంచి విప్పింది. చంటిపిల్లవాడి గుప్పిట్లోనుంచి ఏదైనా తీసుకునేటప్పుడు విప్పినట్టే, నొప్పి కలగకుండా విప్పింది. వాడు విప్పనిచ్చాడు.

ఆమె పలక ముందుకు వెళ్ళి, కొత్త టైల్స్ మీద ఒక చోట పాదం పెట్టింది. కొంచెం జరిపి, మళ్ళీ పెట్టింది.

"ఈడ కొట్టు మే."